అల్లిక రెక్కల పురుగు పొలంలో ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు పనికిరాదు

సంక్రాంతి దాటాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి కోసిన పల్లపు మడుల్లో మినుము, పెసర పూతకొచ్చేసరికి పేనుబంక మొదలవుతుంది, మొక్క రసం పీల్చే చిన్న మెత్తటి పురుగు అది. లేత చిగుళ్లు, పూతకాడలు, పిందెలు, ఎక్కడ పడితే అక్కడ నల్లగా గుంపులు కడుతుంది. పెరట్లో చిక్కుడు పాదుకైతే ఇంకా ముందే పడుతుంది. చూడగానే టెన్షన్. సాయంత్రానికి మందు డబ్బా ఇంటికొస్తుంది, తెల్లారేసరికి స్ప్రేయర్ భుజానికెక్కుతుంది. ఈ రెండింటి మధ్య జరగాల్సిన పని ఒకటి ఉంది, ఆకు తిప్పి చూడటం. అది మాత్రం జరగదు. తిప్పి చూస్తే ఆకు అడుగునో కాడ మీదో సన్నటి తెల్లటి దారాలు నిలబడి, ఒక్కో దారం కొసన లేతాకుపచ్చ గుడ్డు ఒకటి, గుండుసూదులు గుచ్చినట్టు కనిపించవచ్చు. దాన్ని బూజు అనుకునేవాళ్లున్నారు, ఏదో కొత్త తెగులనుకుని ఇంకో మందు కలిపి కొట్టేవాళ్లూ ఉన్నారు. నిజానికి అవి అల్లిక రెక్కల పురుగు గుడ్లు. పేనుబంకను తినే పురుగు అప్పటికే పొలానికి వచ్చి, గుడ్లు పెట్టి, తన పని మొదలుపెట్టేసిందని అర్థం.

ఈ పురుగును చూడనివాళ్లు తక్కువ, పేరు తెలియనివాళ్లే ఎక్కువ. రాత్రి వాకిట్లో ట్యూబ్‌లైటుకు ముసిరే పురుగుల్లో లేతాకుపచ్చగా, సెంటీమీటరుకు కాస్త అటూఇటూ పొడవుండి, ఒంటికన్నా పొడవైన రెక్కలను రెండువైపులా వాలుగా ముడుచుకుని గోడ మీద కదలకుండా కూర్చునేది ఇదే. రెక్కల నిండా సన్నటి ఈనెలు అల్లుకుని ఉంటాయి, అవతల ఉన్నది కనిపించేంత పలచగా ఉంటాయి. కళ్లు బంగారు రంగులో మెరుస్తాయి. ఇసుకలో గుంట తవ్వుకుని చీమ ఎప్పుడు జారిపడుతుందా అని అడుగున కాచుకునే పురుగు ఉంటుంది కదా, దానికీ దీనికీ చుట్టరికం ఉంది, రెండూ ఒకే క్రమానికి చెందినవి. వ్యవసాయ శాఖ కాగితాల్లో దీన్ని క్రైసోపా అనో క్రైసోపెర్లా అనో రాస్తారు. ఈ కుటుంబంలో ప్రపంచమంతటా 1,200కు పైగా జాతులున్నాయి. మన పంటల్లో బాగా తెలిసినది క్రైసోపెర్లా జాస్ట్రోవి సిల్లెమి. పాత పుస్తకాల్లో మాత్రం క్రైసోపెర్లా కార్నియా అనే ఉంటుంది, ఇప్పటికీ చాలామంది అదే రాస్తున్నారు.

ఆ పేరు ఎందుకు మారిందన్నది ఆసక్తికరమైన సంగతి. కార్నియా అనుకున్నది ఒక్క జాతి కాదని పట్టించింది వాటి పాట. మగదీ ఆడదీ ఒకే ఆకు మీదో ఒకే కొమ్మ మీదో కూర్చుని పొట్టను పైకీ కిందికీ వేగంగా ఆడిస్తాయి. ఆ అదురు గాలిలో చప్పుడుగా వినిపించదు, కాడ గుండా పాకుతుంది. అవతలిది దాన్ని కాళ్లతో పసిగట్టి అదే తీరులో బదులిస్తుంది. లయ కలిస్తేనే జత, లేకపోతే లేదు. కంటికి అచ్చం ఒకేలా ఉన్న పురుగులు కూడా లయ వేరైతే ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ హెన్రీ ఈ లయలను దశాబ్దాలపాటు రికార్డు చేశాడు. మన పంటల్లో ఉన్నది యూరప్ కార్నియా కాదని, జాస్ట్రోవి జాతిలో ఒక ఉపజాతి అని 2010లో ఆయన, భారత శాస్త్రవేత్తతో సహా తన సహచరులతో కలిసి తేల్చాడు. రైతుకు దీంతో పనేముందని అడగొచ్చు. పని ఉంది. యూరప్‌లో కార్నియా మీద కట్టిన లెక్కలను తెచ్చి మన మడిలో అలాగే జరుగుతుందనుకోవడానికి వీల్లేదు. అక్కడి పురుగు చలికాలం వస్తే ఒంటిరంగు గోధుమరంగుకు మార్చుకుని, తిండి మానేసి, ఏ మూలనో నక్కి పడుకుంటుంది. మన దగ్గర పేనుబంక రెచ్చిపోయేదే ఆ చలినెలల్లో.

ఇక గుడ్ల దగ్గరికి వద్దాం. తల్లి ముందు పొట్ట కొసను ఆకుకు ఆనించి జిగురు బొట్టు పెడుతుంది, తర్వాత పొట్టను పైకి లేపుతుంది. ఆ బొట్టు సాగి, వెంట్రుకకన్నా సన్నటి దారమై, గాలి తగలగానే గట్టిపడిపోతుంది. దాని కొసన గుడ్డు నిలబెట్టి పక్కకు జరుగుతుంది. దారం దాదాపు సెంటీమీటరు ఉంటుంది, గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు. ఇంత శ్రమ ఎందుకంటే, ఆకు మీద తిరిగే చీమలకు గుడ్డు అందకూడదు. చీమలే కాదు, తోడబుట్టినవాళ్ల భయమూ ఉంది. ఈ పిల్లపురుగులు ఆకలేస్తే దొరికినదాన్నల్లా తింటాయి, పక్క గుడ్డునూ వదలవు. కొరియాలో, చైనాలో బుద్ధ విగ్రహాల మీద ఈ గుడ్లు కనబడినప్పుడు మూడు వేల ఏళ్లకోసారి పూచే ఉదుంబర పుష్పమని జనం దర్శనానికి బారులు కట్టిన సందర్భాలున్నాయి. అంత అందంగానే ఉంటాయి మరి. మన దగ్గర అదే గుడ్డు కనిపిస్తే మందు కొడుతున్నాం.

గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పొదుగుతుంది. ముందు లేతాకుపచ్చగా ఉన్నది బూడిదరంగుకు తిరిగిందంటే పొదగబోతోందని లెక్క. తెల్లగా, ఖాళీ పెంకుతో దారం మిగిలిందంటే పిల్ల దిగిపోయింది. పొలంలో చూసేటప్పుడు ఈ మూడు రంగులు గుర్తుపెట్టుకుంటే చాలు, పని ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది. బయటికొచ్చిన పిల్ల కాసేపు ఆ పెంకు మీదే ఆగి, ఒళ్లు గట్టిపడ్డాక దారం పట్టుకుని కిందికి దిగుతుంది. దిగిన క్షణం నుంచి తిండి వేట.

అసలు పనిచేసేది ఈ పిల్లపురుగే, లార్వా దశ. దీన్ని చూసి మిత్రపురుగు అని ఎవరూ అనుకోరు. బూడిదా గోధుమా కలిసిన చారలు, రెండు కొసలా సన్నబడిన ఒళ్లు, పక్కల బుడిపెల మీద వెంట్రుకలు, ముందు కొడవళ్లలా వంగిన రెండు దవడలు. బాగా ఎదిగితే సెంటీమీటరు దాకా ఉంటుంది. కాయతొలిచే పురుగు పిల్లేమో అనుకుని చేత్తో నలిపేసేవాళ్లు చాలామంది. దీనికి చూపు అంతంతమాత్రం. తలను ఎడమకీ కుడికీ ఊపుకుంటూ నడుస్తుంది, ఆ ఊపులో దవడకు మెత్తగా ఏదైనా తగిలితే అక్కడే పట్టు. పేనుబంకను పొడిచి పట్టుకున్నాక ఆకు మీద నుంచి పైకెత్తేస్తుంది, కాళ్లు ఆడించడానికి కూడా దానికి ఆసరా దొరకదు. ఒక్కో దవడా రెండు ముక్కలు అతికి ఏర్పడింది, మధ్యలో సన్నటి కాలువ ఉంటుంది. ఆ కాలువ గుండా జీర్ణరసం పేనులోకి పోతుంది, లోపలిదంతా కరిగి నీరవుతుంది, అదే కాలువ గుండా వెనక్కి పీల్చుకుంటుంది. చూస్తుండగానే పేను పొట్ట ముడుచుకుపోయి తోలు మిగులుతుంది. పేనుబంక కూడా ఊరికే చావదు, వెనకున్న రెండు గొట్టాల్లోంచి మైనం లాంటి జిగురు వదిలి వేటగాడి మూతికి పూస్తుంది. లార్వా దవడలను ఆకుకు రుద్ది తుడుచుకుని మళ్లీ పనిలో పడుతుంది.

దీని కడుపు కూడా విచిత్రంగానే ఉంటుంది. లార్వాగా ఉన్నన్నాళ్లూ జీర్ణాశయానికీ వెనక పేగుకూ దారి ఉండదు, మూసుకుపోయి ఉంటుంది. తిన్నదాంట్లో ఒంటికి పట్టనిది లోపలే పోగై ఉండి, రెక్కలొచ్చి బయటపడ్డాకే మొదటిసారి విసర్జన. ద్రవమే తాగుతుంది కాబట్టి ఈ ఏర్పాటు సరిపోతుంది. అందుకే పెద్ద పురుగుల జోలికి ఎక్కువ పోదు. మెత్తటి ఒళ్లున్నవీ, నెమ్మదిగా కదిలేవీ దీని ఆహారం: పేనుబంక, పిండినల్లి పిల్లలు, తెల్లదోమ పిల్లలు, తామర పురుగులు, మొక్కల మీద ఉండే నల్లి, పచ్చదోమ పిల్లలు, కాయతొలిచే పురుగుల గుడ్లు, అప్పుడే పొదిగిన వాటి పిల్లలు. మామిడిలో తేనెమంచు పురుగు పిల్లల్నీ తింటుంది. ఆకలి బాగా ఎక్కువైతే చేతి మీద పాకుతూ మనల్ని కూడా ఒకసారి పొడిచి చూస్తుంది, చురుక్కుమంటుంది తప్ప ఏమీ కాదు.

లార్వా దశ మన వేడికి ఎనిమిది నుంచి పది రోజులు. అందులో రెండుసార్లు కుబుసం విడిచి మూడు దశలుగా ఎదుగుతుంది. ఆ కొద్దిరోజుల్లో కొన్ని వందల పేలు ఖాళీ చేస్తుంది. కానీ ఈ తిండంతా రోజూ సమానంగా ఉండదు. మొత్తం తినేదాంట్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఆఖరి దశలోనే, అంటే చివరి మూడు నాలుగు రోజుల్లోనే తింటుంది. పొలంలో జరిగే గందరగోళానికి మూలం ఇక్కడుంది. గుడ్లు కనిపించిన రోజునుంచి లెక్కేస్తే పేనుబంక తగ్గినట్టు కంటికి కనిపించడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ వారం పది రోజులూ పేనుబంక పెరుగుతూనే ఉంటుంది, ఏం చేసినా తగ్గడం లేదనిపిస్తుంది. రైతు సరిగ్గా అప్పుడే మందు కొడతాడు. అంటే లార్వాలు మూడో దశకు చేరి నిజంగా తినడం మొదలుపెట్టే రోజున.

ఎదిగిన లార్వా ఆకు మడతలోనో బెరడు సందులోనో గుండ్రటి తెల్లటి గూడు అల్లుకుంటుంది, మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది. పట్టుపురుగు దారం తీసేది నోటి దగ్గరనుంచి, ఇది వెనకనుంచి. ఒంట్లో మలినాలను వడకట్టే నాళాలే దారం తయారుచేసే పనికి మారతాయి. వారం దాటాక లోపలిది గూడుకు గుండ్రటి మూత కోసి, పాకుకుంటూ బయటికొచ్చి, ఒక అంచు పట్టుకుని ఆఖరి కుబుసం విడిచి రెక్కలు చాపుతుంది. మొత్తం మీద గుడ్డు నుంచి రెక్కల దాకా మూడు నాలుగు వారాలు.

రెక్కలొచ్చాక బతుకు పూర్తిగా వేరు. మన క్రైసోపెర్లా రెక్కలొచ్చాక పురుగుల్ని తినదు. పువ్వుల తేనె, పుప్పొడి, పేనుబంక వదిలే తేనెబంక, ఇవే దాని ఆహారం. ఆకుల మీద జిగురుగా పడి, తర్వాత నల్లటి మసి పట్టే ఆ తేనెబంకే దానికి దారి చూపిస్తుంది కూడా, ఆ వాసన పట్టుకుని వచ్చి దగ్గర్లోనే గుడ్లు పెడుతుంది. తీపి ఒక్కటే తింటే గుడ్లకు సరిపడా మాంసకృత్తులు ఎక్కడినుంచి వస్తాయన్న ప్రశ్నకు జవాబు దాని కడుపులో దొరికింది, అన్నకోశంలో ఈస్ట్ పెరుగుతూ ఉంటుంది. అమెరికాలో కెన్నెత్ హేగన్ ఈ సంగతి తెలుసుకుని, చక్కెర, ఈస్ట్ కలిపి పంట మీద చల్లి, పురుగుల్ని పొలానికి రప్పించే ప్రయోగాలు చేశాడు. మన దగ్గర ఆ ప్రయోగం ఎలా ఉన్నా, పొలంలో పువ్వు లేకపోతే ఈ పురుగు నిలబడదన్న విషయం మాత్రం దానితో స్పష్టమైపోయింది.

ఇంకో విషయం తెలుసుకోకపోతే డబ్బు దండగ. కొత్తగా రెక్కలొచ్చిన పురుగు మొదటి ఒకటి రెండు రాత్రులు తిండి కోసం గానీ తోడు కోసం గానీ ఆగదు, చీకటి పడగానే లేచి గాలివాటున పోతుంది. పక్కనే పేనుబంక నిండిన పొలం ఉన్నా పట్టించుకోదు. కాబట్టి రెక్కల పురుగుల్ని తెచ్చి పొలంలో వదిలితే ఊరికి వదిలినట్టే. గుడ్లో, లార్వాలో వదలాలి. ఈ రాత్రి ప్రయాణాల్లో దీని అసలు శత్రువు గబ్బిలం. గబ్బిలం అరుపు మనకు వినిపించదు, దీనికి వినిపిస్తుంది. ముందు రెక్కలో ఒక ఈనె అడుగున చిన్న ఉబ్బు, అదే దాని చెవి. అరుపు వినగానే రెక్కలు ముడిచేసి రాయి పడ్డట్టు కిందికి పడిపోతుంది. గబ్బిలం వెంటబడి మరీ దగ్గరికొస్తే పడుతూ పడుతూనే ఒక్కసారి రెక్క విదిలించి దారి తప్పిస్తుంది. కొన్ని జాతులైతే పట్టుకుంటే మలం వాసన లాంటి కంపు వదులుతాయి.

ఇప్పుడు పొలం లెక్క చూద్దాం. పేనుబంక ఆడది మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కంటుంది, గుడ్లు కూడా పెట్టదు, నేరుగా పిల్లలే. ఆ పిల్ల వారం పది రోజుల్లో తల్లవుతుంది. అల్లిక రెక్కల పురుగుకు అదే పనికి మూడు నాలుగు వారాలు. వేగంలో ఎప్పటికీ గెలవలేదు. గెలిచేదల్లా తిండిలో, అది కూడా మొదట్లోనే ఉంటే. పల్లపు మడిలో మినుము పంటకాలం 75, 80 రోజులు. పూత ముప్పై అయిదు నలభై రోజులకు మొదలవుతుంది. అప్పుడు పడే పేనుబంక మీదికి పురుగు కొత్తగా పుట్టి పెరిగి రావాలంటే టైమ్ చాలదు, అప్పటికే చుట్టుపక్కల ఉండి తీరాలి. గట్ల మీద, గరువు భూముల్లో, మామిడి జీడి తోటల్లో, పెరటి పాదుల్లో అది బతికుంటేనే మడిలోకి వస్తుంది. పొలంలో మిత్రపురుగులు లేవు అని వినిపించే మాటలో చాలాసార్లు తప్పు ఆ పొలానిది కాదు, చుట్టూ ఉన్న నేలది. గట్లు శుభ్రంగా చెక్కేసి, కలుపు మందు కొట్టేసి, ఊరంతా ఒకే పంట వేసి, మిత్రపురుగు రాలేదంటే అది ఎక్కడినుంచి వస్తుంది?

అందుకే గట్టు మీద బంతి, ఆముదం, జొన్న, మధ్యలో అక్కడక్కడ అలసంద, ధనియాలు వేయమని ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు చెప్పే మాటకు బలమైన ఆధారం ఉంది. అలసంద మీద పేనుబంక ముందుగా పడుతుంది, దాని మీద అల్లిక రెక్కల పురుగు, అక్షింతల పురుగు పెరిగి, అసలు పంట మీద పేనుబంక పడే వేళకు సిద్ధంగా ఉంటాయి. ధనియాల పూతా, ఆముదం పుప్పొడీ రెక్కల పురుగుకు తిండి. కాస్త పేనుబంకను ఉండనివ్వడం ఇందులో భాగం, అక్కడే చాలామందికి మనసొప్పదు. ఒక్క పేను కూడా కనిపించకూడదనుకుంటే దాన్ని తినే పురుగు కూడా కనిపించదు.

మందుల విషయానికొస్తే అన్నీ ఒకేలా చంపవు. క్రైసోపెర్లా లార్వా సింథటిక్ పైరెత్రాయిడ్లను కొంతవరకు తట్టుకుంటుంది, వాటిని ఒంట్లోనే విరిచేసే శక్తి దానికి ఉంది. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులకు అంతగా నిలవదు. లార్వా తట్టుకుంటుంది కదా అని పైరెత్రాయిడ్ కొట్టడమూ తెలివైన పని కాదు, వాటి వాడకంతో నల్లి, తెల్లదోమ విజృంభించడం పత్తి రైతులు చూసినదే. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క లోపలికి ఇంకుతాయి, పువ్వు తేనెలోకీ వస్తాయి, రెక్కల పురుగు ఆ తేనె తాగుతుంది. వేప గింజల కషాయం వీటన్నిటికన్నా నయం, అది కూడా పేనుబంక ఉన్నచోట మాత్రమే, పొలమంతా తడపకుండా. ఏ మందైనా సరే, కొట్టాక బతికి బయటపడిన నాలుగు పేలు వారంలో మళ్లీ గుంపు కడతాయి, తినే పురుగు తిరిగి రావడానికి నెల పడుతుంది. ఆ నెలలో రెండో మందు, మూడో మందు. ఖర్చు పెరిగేది అక్కడే.

అయితే ఈ పురుగు అన్నిటికీ మందు కాదు, ఆ మాట దాచిపెట్టి అమ్మేవాళ్లవల్లే రైతుకు దీని మీద నమ్మకం పోతోంది. మినుములో పల్లాకు తెగులును తీసుకోండి. దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. ఒక్క తెల్లదోమ వచ్చి కాసేపు రసం పీల్చినా వైరస్ ఎక్కిపోతుంది. లార్వా తినేది ఆకుకు అంటుకుని ఉన్న తెల్లదోమ పిల్లల్ని, ఎగిరొచ్చి వాలే పెద్దవాటిని కాదు. ఇక్కడ పనికొచ్చేది తట్టుకునే విత్తన రకం, తొలిదశలోనే జబ్బు మొక్క పీకేయడం. పలాస వైపు జీడితోటల్లో కొత్త చిగుళ్లను, పూతను మాడ్చే టీ దోమకు కూడా దీని మీద ఆశ పెట్టుకోకూడదు, అది చురుగ్గా కదిలే పురుగు, ఒక్క రోజులోనే చిగురు పాడుచేసి పోతుంది. వరిలో కాండం తొలిచేది కాండం లోపల ఉంటుంది, దవడలు అందవు. పేనుబంక ఇప్పటికే చెట్టంతా కమ్మేసి ఆకులు ముడుచుకుపోయిన స్థితిలో గుడ్లు తెచ్చి వదిలినా ఆ పంటకు ఉపయోగం ఉండదు.

ఉద్దానం కొబ్బరి దగ్గర మాత్రం కథ వేరు. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడి, ఆ తర్వాత కోస్తా కొబ్బరికంతా పాకింది. ఆకు అడుగున గుండ్రంగా తిరుగుతూ గుడ్లు పెట్టి తెల్లటి మైనం కప్పుతుంది, కింది ఆకుల మీద తేనెబంక పడి మసి పట్టి చెట్టు నల్లబడుతుంది. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి నేలకొరిగాక మళ్లీ మొక్కలు నాటుకుని ఎదురుచూస్తున్న కవిటి, సోంపేట, మందస రైతుకు ఇలాంటి కొత్త చీడ ఎంత బరువో చెప్పనక్కర్లేదు. నలభై అడుగుల చెట్టు మీద ఆకు అడుగున మందు తడపడం జరిగే పని కాదు. మందు కొడితే ఈ దోమలో పెరిగి దాన్ని చంపే ఎన్కార్సియా అనే చిన్న కందిరీగ కూడా పోతుంది. ఇక్కడ పనికొచ్చేది అల్లిక రెక్కల పురుగుల్లోనే ఇంకో జాతి, ఆస్టర్. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం దీన్ని పెంచి రైతులకు ఇచ్చే పని చేపట్టింది, డైకోక్రైసా ఆస్టర్ అనే పేరుతో.

ఈ జాతి లార్వా చేసే పని దగ్గరగా చూడాల్సినది. తిని వదిలేసిన తోళ్లను, దోమ మైనాన్ని దవడలతో ఎత్తి, తల వెనక్కి విరిచి, వీపు మీద పెట్టుకుంటుంది. వీపు మీదున్న కొక్కెం వెంట్రుకలకు అవి చిక్కుకుంటాయి. మళ్లీ ఇంకోటి, మళ్లీ ఇంకోటి. కాసేపటికి పురుగు కనిపించదు, తెల్లటి చెత్త ముద్ద ఒకటి ఆకు మీద నడుస్తూ ఉంటుంది. తెల్లదోమ మైనం మధ్య తెల్లటి ముద్దను చీమ గుర్తుపట్టదు, పిట్ట గుర్తుపట్టదు. అమెరికాలో థామస్ ఐస్నర్ బృందం 1978లో ఇలాంటి లార్వాల వీపు మీద మైనం తీసేసి చూసింది. మైనం తీసినవాటిని పేనుబంకకు కాపలా కాసే చీమలు పట్టుకుని ఈడ్చేశాయి, మైనం ఉన్నవాటిని వదిలేశాయి. కొబ్బరి ఆకు అడుగున తెల్లటి ముద్ద కదులుతూ కనిపిస్తే దాన్ని దులపకూడదు.

చీమల మాట వచ్చింది కాబట్టి, పెరట్లో చిక్కుడు మీదా, మామిడి మీదా ఈ పురుగు పనిచేయకపోవడానికి పెద్ద కారణం చీమలే. తేనెబంక కోసం పేనుబంకకు కాపలా కాస్తాయి, పిల్లపురుగుల్ని తరిమేస్తాయి, దారం ఉన్నా అందితే గుడ్లు కూడా తింటాయి. పాదు కర్రకు, చెట్టు మొదలుకు చీమలు ఎక్కకుండా జిగురు పట్టీ కడితే మిగతా పని పురుగే చూసుకుంటుంది. ఇంత చవకైన ఉపాయాన్ని ఎందుకు అంతగా చెప్పరో అర్థం కాదు.

పొలంలో వదలడానికి ఈ పురుగును పెంచి, దాని గుడ్లను కార్డు మీద ఇస్తారు. పెంచడంలో ఉన్న కష్టం కూడా తెలిస్తే ఆ గుడ్ల కార్డు ఎందుకు జాగ్రత్తగా వాడాలో తెలుస్తుంది. పెంపకానికి ఆహారంగా బియ్యంలో గూళ్లు కట్టే కార్సైరా పురుగు గుడ్లు వాడతారు, అంటే ఒక పురుగును పెంచడానికి ముందు ఇంకో పురుగును పెంచాలి. రెక్కల పురుగులకు తేనె, ఈస్ట్, ఆముదం పుప్పొడి పెడతారు, అవి నల్లగుడ్డ కప్పిన డబ్బా మూతకు గుడ్లు పెడతాయి. లార్వాలు కాస్త ఎదిగాక కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తింటాయి, ఒక్కోదాన్ని విడివిడి గదుల్లో పెట్టాలి. ప్రయాణంలోనూ అదే సమస్య, దారిలోనే పొదిగితే చేరేసరికి సగం ఉండవు. కార్డు చేతికందిన రోజే, ఎండ తగ్గాక సాయంత్రం, పేనుబంక లేదా తెల్లదోమ మొదలైన చెట్లను వెతికి ఆకు అడుగున పిన్ను చేయాలి, ఎండా వానా నేరుగా తగలకుండా. పొలమంతా సమానంగా పంచడం కన్నా పురుగు పడిన చోట ఎక్కువ పెట్టడం మేలు, ఎందుకంటే కొత్తగా పొదిగిన పిల్ల నడవగలిగే దూరం తక్కువ, దగ్గర్లో తిండి దొరక్కపోతే ఆ రోజే పక్క గుడ్డును తినేస్తుంది. రసాయన మందు కొట్టి రెండు వారాలైనా కాని పొలంలో కార్డు పెట్టకూడదు, పెట్టాక నెల రోజులు కొట్టకూడదు. నాలుగైదు రోజులకు ఆకు తిప్పి చూసినప్పుడు ఖాళీ దారాలు, వాటి చుట్టుపక్కల ముడుచుకుపోయిన పేల తోళ్లు కనిపిస్తే కార్డు పనిచేసినట్టు, గుడ్లు అలాగే ఎండిపోయి ఉంటే తెచ్చినచోట అడగాలి.